లక్ష మంది ఎదురుచూసే కాలేజీ మ్యాచ్.. అది జరగాలో వద్దో తేల్చేది ఎవరు?

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండగ. ఆ వారం టెక్సాస్ రాష్ట్రంలో ఎన్నో ఇళ్లలో పండగ భోజనానికి ఎంత ప్రాధాన్యం ఉంటుందో, ఒక మ్యాచ్‌కీ అంతే ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, కాలేజ్ స్టేషన్ పట్టణంలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జట్లు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్ అది. 2026లో దీనికి వేదిక కాలేజ్ స్టేషన్‌లోని కైల్ ఫీల్డ్. ఆ స్టేడియంలో 1,02,733 మంది కూర్చోవచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరి మొత్తం జనాభానే దాదాపు 1.2 లక్షలు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్‌లు కట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. ఆడేది విద్యార్థులే. కానీ ప్రేక్షకుల సంఖ్య, ప్రసార హక్కుల ధర, కోచ్‌ల జీతాలు చాలా వృత్తి లీగ్‌లకు తీసిపోవు. భారత్‌లో లక్ష మంది పట్టే క్రికెట్ మైదానం అహ్మదాబాద్‌లో ఒక్కటే ఉంది. అమెరికాలో అంత పెద్ద కాలేజీ స్టేడియాలు ఎనిమిది వరకు ఉన్నాయి.

ఈ మ్యాచ్ మీద అభిమానుల ఆరాటానికి మరో కారణం కూడా ఉంది. 1915 నుంచి 2011 వరకు ఒక్క ఏడాదీ ఆగకుండా సాగిన ఈ పోరు ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు జరగనే లేదు. యుద్ధాలు, మహామాంద్యం ఆపలేని మ్యాచ్‌ను టీవీ ఒప్పందాలు ఆపాయి. 2024లో దాన్ని మళ్లీ బతికించినవీ టీవీ ఒప్పందాలే. అందుకే ఈ ఎదురుచూపు ఒక్క ఆట కథగా మిగల్లేదు. దాన్ని తరతరాలుగా పెంచింది ఎవరు, దానితో లాభపడుతున్నది ఎవరు అన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది.

నూట పదిహేడేళ్ల పోరు ఆగిన రోజు

ఈ రెండు జట్లు మొదటిసారి తలపడింది 1894లో. ఏ అండ్ ఎం వ్యవసాయం, ఇంజినీరింగ్, సైనిక శిక్షణ కోసం పుట్టిన విద్యాసంస్థ. రాష్ట్ర రాజధానిలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మొదటి నుంచీ పెద్దింటి పేరుంది. పల్లె, పట్నం అన్న ఈ తేడాను రెండు వైపుల అభిమానులూ తరాలుగా ఆటపట్టింపుగా మార్చుకున్నారు. రెండు విశ్వవిద్యాలయాల పోరాట గీతాల్లోనూ ఎదుటి జట్టు ప్రస్తావన ఉంటుంది. అంటే వీళ్లు తమ పాట పాడుకోవాలన్నా అవతలి వాళ్లు ఉండాల్సిందే.

2010 ప్రాంతంలో పరిస్థితి మారింది. అమెరికాలో కాలేజీ జట్లు కాన్ఫరెన్స్‌లు అనే కూటములుగా ఆడతాయి. ప్రసార హక్కులను ఎక్కువగా ఈ కూటములే అమ్ముతాయి. అప్పట్లో రెండు జట్లూ బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఉండేవి. 2011 జనవరిలో టెక్సాస్ విశ్వవిద్యాలయం తనకు మాత్రమే చెందిన లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ అనే చానల్ కోసం ఈఎస్‌పీఎన్‌తో 20 ఏళ్లకు సుమారు 30 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. ఒకే కూటమిలో ఒకరికి మాత్రమే ఇంత లాభమా అన్న అసంతృప్తి ఏ అండ్ ఎంలో ముదిరింది. అదే ఏడాది అది బిగ్ 12ను వదిలి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ)లో చేరాలని నిర్ణయించుకుంది.

2011 నవంబర్ 24న కైల్ ఫీల్డ్‌లో చివరి మ్యాచ్ జరిగింది. ఆఖరి క్షణంలో జస్టిన్ టక్కర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో టెక్సాస్ 27-25తో గెలిచింది. అప్పటికి 118 మ్యాచ్‌ల్లో టెక్సాస్ 76, ఏ అండ్ ఎం 37 గెలవగా, అయిదు టై అయ్యాయి. ఆ తర్వాత కూటములు వేరైనా ఏటా ఒక మ్యాచ్ ఆడుకోవచ్చు. నిబంధనలేవీ అడ్డు రావు. కానీ ఒకరు వెళ్లిపోయారన్న కోపం, మరొకరు దారి ఇవ్వలేదన్న కోపం కలిసి అది కుదరలేదు. ఈ మ్యాచ్‌ను తప్పనిసరి చేయాలంటూ రాష్ట్ర చట్టసభలో బిల్లులు కూడా వచ్చాయి. ఏదీ చట్టం కాలేదు.

ఈ విరామంలోనే ఏ అండ్ ఎం తన స్టేడియాన్ని సుమారు 48 కోట్ల డాలర్ల ఖర్చుతో పెంచుకుంది. లక్ష సీట్లు సిద్ధమయ్యాయి. ఆ సీట్లలో కూర్చునేవాళ్లు ఎక్కువగా చూడాలనుకునే ప్రత్యర్థి మాత్రం రాలేదు. 2012 తర్వాత చేరి 2023 లోపు చదువు ముగించిన విద్యార్థులు సీనియర్లు చెప్పిన కథలు విని, పాత వీడియోలు చూసి సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

మళ్లీ కలిపింది కూడా డబ్బే

2021 జులైలో టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు ఎస్‌ఈసీలో చేరతామని ప్రకటించాయి. పాత ప్రత్యర్థి తన కొత్త ఇంటికే రావడం ఏ అండ్ ఎం నాయకత్వానికి మొదట రుచించలేదు. చివరకు సమ్మతించక తప్పలేదు. అంతకు ముందే, 2020 డిసెంబర్‌లో, ఎస్‌ఈసీ తన ప్రధాన మ్యాచ్‌ల హక్కులను ఈఎస్‌పీఎన్ మాతృసంస్థ డిస్నీకి పదేళ్లకు సుమారు 300 కోట్ల డాలర్లకు అమ్మింది. ఆ ఒప్పందం 2024లో మొదలైంది. టెక్సాస్ ఎస్‌ఈసీలో అడుగుపెట్టిందీ 2024 జులైలోనే.

2024 నవంబర్ 30న కైల్ ఫీల్డ్‌లో పన్నెండేళ్ల విరామం తర్వాత మొదటి మ్యాచ్ జరిగింది. ఏ అండ్ ఎంలో విద్యార్థులకు మ్యాచ్ వారంలో టికెట్లు ఇస్తారు. సీనియర్లకు ముందు, జూనియర్లకు తర్వాత. ఆ వారం స్టేడియం బయట గుడారాలు వేసుకుని వరసలో పడుకున్నారు. బయటి మార్కెట్‌లో ఆ సీజన్‌లో అత్యధిక ధర పలికిన టికెట్లలో ఇవీ ఉన్నాయి. టెక్సాస్ 17-7తో గెలిచింది.

అయితే ఒకచోట పోరును అతికించిన ఈ మార్పు మరోచోట పోరును తెంచింది. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్లు శతాబ్దానికి పైగా ఆడుకున్న ‘బెడ్‌లమ్’ పోరు 2023 నవంబర్ 4తో ఆగిపోయింది. ఆ రోజు 27-24తో గెలిచిన ఓక్లహోమా స్టేట్ అభిమానులకు అదే వీడ్కోలు మ్యాచ్. పశ్చిమ తీరంలో పరిస్థితి మరీ అన్యాయం. 2023 వేసవి ముగిసేసరికి 12 జట్ల పాక్-12 కాన్ఫరెన్స్‌లో మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే. పెద్ద ప్రసార ఒప్పందాలున్న కూటములు తమకు కావలసిన జట్లను ఏరుకుని పోయాయి. మిగిలిన ఊళ్ల అభిమానులను ఎవరూ అడగలేదు. టెక్సాస్ అభిమానుల ఆనందాన్ని, ఓక్లహోమా అభిమానుల నిరాశను ఒకే నిర్ణయం ఇచ్చింది.

గెలిచినవాడు బయట, ఓడినవాడు లోపల

2025 నవంబర్ 28న ఆస్టిన్‌లో జరిగిన మ్యాచ్ మరో మార్పును చూపించింది. అప్పటికి ఏ అండ్ ఎం 11 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. దేశంలో మూడో ర్యాంకు. ఆర్చ్ మానింగ్ నడిపిన టెక్సాస్ ఆ జట్టును 27-17తో ఓడించింది. పాత రోజుల్లో అయితే ఈ ఒక్క ఓటమితో ఏ అండ్ ఎం జాతీయ టైటిల్ ఆశలు దాదాపు ముగిసేవి. ఇప్పుడు అలా కాదు. 2024 నుంచి జాతీయ ప్లేఆఫ్‌లో 12 జట్లకు చోటుంది. ఓడిన ఏ అండ్ ఎం ఎస్‌ఈసీ ఫైనల్ అవకాశం పోగొట్టుకున్నా ప్లేఆఫ్‌కు వెళ్లింది. అక్కడ తొలి రౌండ్‌లోనే మయామీ చేతిలో 10-3తో ఓడింది. గెలిచిన టెక్సాస్‌కు అప్పటికే మూడు ఓటములు ఉండటంతో ప్లేఆఫ్ పిలుపే రాలేదు.

ప్లేఆఫ్ విస్తరణను సమర్థించేవాళ్ల వాదనలో నిజముంది. ఎక్కువ జట్లకు అవకాశం, ఎక్కువ ఊళ్లలో డిసెంబర్ దాకా ఆశ. ప్రసార సంస్థలకు ఎక్కువ పెద్ద మ్యాచ్‌లు. కానీ ఒక్క మ్యాచ్‌తో ఏడాది తారుమారవుతుందన్న భయమే చిరకాల పోరుకు ప్రాణం. ఆ భయం తగ్గితే మ్యాచ్ విలువ కూడా తగ్గవచ్చు. ఒహాయో స్టేట్ 2024లో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. అది ఆ జట్టుకు మిషిగన్‌పై వరుసగా నాలుగో పరాజయం. అదే జట్టు 2025 జనవరి 20న జాతీయ టైటిల్ గెలిచింది. ప్రత్యర్థి చేతిలో ఓటమిని ఆ టైటిల్ చెరిపేసిందా అన్నది ఒహాయోలో ఎవరిని అడిగినా వేర్వేరు జవాబులే వస్తాయి.

టెక్సాస్‌లో మాత్రం పోరు ఇంకా పలచబడలేదు. తిరిగి వచ్చి రెండేళ్లే అయింది. రెండుసార్లూ టెక్సాసే గెలిచింది. అందువల్ల 2026లో సొంత మైదానంలో ఆడబోయే ఏ అండ్ ఎం అభిమానులకు ప్లేఆఫ్ లెక్కలతో పనిలేని పాత బాకీ ఒకటి మిగిలే ఉంది.

ఎదురుచూపు ప్రాణాలు తీసిన రాత్రి

ఈ బాకీని ఏ అండ్ ఎం విద్యార్థులు ఒకప్పుడు మంటగా వెలిగించేవారు. టెక్సాస్‌తో మ్యాచ్‌కు ముందు దుంగలు పేర్చి వేసే భారీ భోగిమంట లాంటి ఆ ఆచారం పేరు ‘బాన్‌ఫైర్’. 20వ శతాబ్దం మొదట్లో చెత్త, చెక్కముక్కలతో మొదలై ఏటా పెరుగుతూ పోయింది. 1969లో 109 అడుగులకు చేరింది. చెట్లు కొట్టడం నుంచి పేర్చడం దాకా పనంతా విద్యార్థులదే. నెలల తరబడి సాగే ఆ పనే వాళ్లకు అసలైన ఎదురుచూపు.

1999 నవంబర్ 18 తెల్లవారుజామున 2.42 గంటలకు, కడుతున్న ఆ దుంగల కట్టడం కూలిపోయింది. దాదాపు 5,000 దుంగలు, 59 అడుగుల ఎత్తు. 12 మంది చనిపోయారు. 27 మంది గాయపడ్డారు. నిర్మాణ లోపాలతో పాటు, ఏళ్ల తరబడి సరైన పర్యవేక్షణ లేకపోవడమూ కారణమేనని విచారణ కమిషన్ 2000లో తేల్చింది. విద్యార్థుల ఉత్సాహాన్ని ప్రతిష్ఠగా చూపించుకున్న సంస్థ, ఇంజినీరింగ్‌కు పేరుపడిన సంస్థ, ఆ కట్టడాన్ని ఇంజినీర్ల చేత గట్టిగా పరీక్ష చేయించలేదు.

ఆ విషాదంలో ప్రత్యర్థి వైపు నుంచి వచ్చిన స్పందన టెక్సాస్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మ్యాచ్‌కు ముందు ఎర్ర కొవ్వొత్తులతో ఏ అండ్ ఎంకు ‘శాపం’ పెట్టే తమ సరదా సభను టెక్సాస్ విద్యార్థులు ఆ ఏడాది సంతాప సభగా మార్చారు. ఎనిమిది రోజుల తర్వాత జరిగిన మ్యాచ్‌లో విరామ సమయాన టెక్సాస్ బ్యాండ్ సభ్యులు టోపీలు తీసి నివాళి అర్పించారు. ఆ మ్యాచ్ ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. అప్పటి నుంచి విశ్వవిద్యాలయం అధికారికంగా బాన్‌ఫైర్ వేయడం లేదు. టెక్సాస్‌తో మ్యాచ్ తిరిగి వచ్చిన 2024లో దాన్ని పునరుద్ధరించాలన్న ఆలోచన వచ్చినా, పరిశీలించి వద్దనే నిర్ణయించింది.

ఈ పాఠం భారత్‌కు కొత్తది కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఆర్‌సీబీ విజయోత్సవానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలో చనిపోయారు. జనాన్ని పిలిచి, రప్పించి, వారి సంఖ్యను గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ జనం భద్రతకు ముందుగా ఏం చేశారన్న ప్రశ్న టెక్సాస్‌లోనూ, బెంగళూరులోనూ ఒకటే.

ఆటగాళ్లకు వాటా, అభిమానులకు బిల్లు

ఇన్ని వందల కోట్ల డాలర్ల మధ్య చాలాకాలం పైసా అందనిది ఆడేవాళ్లకే. చదువు ఖర్చు భరిస్తున్నాం కదా, అంతకు మించి ఇస్తే ‘అమెచ్యూర్’ ఆట పాడవుతుందని కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ దశాబ్దాలుగా వాదించింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 9-0 తీర్పుతో ఆ వాదన పునాది కదిలింది. ఆ జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్న ప్రకటనలకు డబ్బు తీసుకునే వీలు కలిగింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన ‘హౌస్’ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో సంస్థకు పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం.

ఇది ఆలస్యంగానైనా దక్కిన న్యాయమే. డబ్బు లేదన్న మాట ఎప్పుడూ నిజం కాదు. 2023 నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఒప్పందం ప్రకారం ఏ అండ్ ఎం అతనికి ఇవ్వాల్సి వచ్చింది సుమారు 7.6 కోట్ల డాలర్లు. పనిచేయనందుకు ఇచ్చే సొమ్ము అది.

అయితే ఈ కొత్త ఖర్చు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. టెన్నెసీ విశ్వవిద్యాలయం 2025 సీజన్ టికెట్లపై 10 శాతం అదనపు రుసుము వేసి, అది ఆటగాళ్ల కోసమేనని చెప్పింది. దాతల మీద ఒత్తిడి పెరిగింది. ఆటగాళ్లు ఏటా జట్టు మారే వీలు రావడంతో, గత ఏడాది తాము పేరు పెట్టి పిలిచిన కుర్రాడు ఈ ఏడాది ఎక్కడున్నాడో అభిమానులు వెతుక్కోవాల్సిన పరిస్థితి. జట్టు మారుతుంది, కోచ్ మారతాడు, కూటమి మారుతుంది. మారకుండా మిగిలేది ప్రత్యర్థి ఒక్కరే. అందుకే ఆ ఒక్క మ్యాచ్‌పై పట్టు ఇంకా పెరుగుతోంది.

మనకు దీనితో ఏం పని?

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పరాయి గొడవ కాదు. వారి పిల్లలు వెళ్లాలనుకునే పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ రెండూ ముందుంటాయి. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాల్లోనూ అదే అత్యధికం. వారిలో తెలుగువారి వాటా పెద్దది. ఎంఎస్ కోసం వెళ్లిన విద్యార్థికి శనివారాల్లో ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో ఎందుకు నడుస్తోందో అర్థం కావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎఫ్-1 వీసా మీద ఆడే విదేశీ క్రీడాకారులకు మాత్రం కొత్త చెల్లింపుల్లో వాటా తీసుకోవడం సులువు కాదు. వీసా షరతులు అడ్డొస్తాయి. క్యాంపస్ బయట పనికి ఉన్న ఆంక్షలతో సతమతమయ్యే తెలుగు విద్యార్థులకు ఆ ఇబ్బంది తెలిసిందే.

భారత్‌లో ఇలాంటి కాలేజీ పోరు ఎందుకు లేదన్న ప్రశ్న కూడా సహజం. అంతర్ విశ్వవిద్యాలయ క్రికెట్ కోసం రోహింటన్ బారియా ట్రోఫీ 1930ల నుంచే ఉంది. కానీ మన దగ్గర ఆటగాడు పైకి వెళ్లే మెట్లు రాష్ట్ర సంఘాలు, ఐపీఎల్ చుట్టూ ఉన్నాయి. కాలేజీ ఆ మెట్లలో లేదు. అమెరికాలో ఫుట్‌బాల్ కాలేజీల్లోనే పుట్టింది. తొలి కాలేజీ మ్యాచ్ 1869లో జరిగితే, వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వచ్చింది 1920లో. పైగా వృత్తి జట్లు లేని చిన్న ఊళ్లకు విశ్వవిద్యాలయ జట్టే సొంత జట్టు.

మనకు దగ్గరి పోలిక భారత్-పాకిస్తాన్ క్రికెట్. రెండు దేశాల మధ్య చివరి ద్వైపాక్షిక సిరీస్ 2012-13లో జరిగింది. టెక్సాస్ పోరు ఆగిన కాలమూ దాదాపు అదే. అక్కడ కారణం వ్యాపారం, ఇక్కడ సరిహద్దు, ఉగ్రవాదం, రాజకీయం. రెంటి బరువూ ఒకటి కాదు. కానీ అభిమాని స్థితిలో పోలిక ఉంది. ద్వైపాక్షిక సిరీస్ లేకపోయినా ఐసీసీ టోర్నీల్లో రెండు జట్లనూ తరచూ ఒకే గ్రూపులో వేస్తారు. ఆ ఒక్క మ్యాచ్ చుట్టూ ప్రకటనల ధరలు నిలబడతాయి. మ్యాచ్ ఎంత అరుదైతే అంత ఖరీదు. అది ఎప్పుడు, ఎక్కడ, అసలు జరగాలా వద్దా అన్న నిర్ణయంలో అభిమానికి మాత్రం పాత్ర లేదు.

హామీ ఎంతకాలం?

2026 నుంచి ఎస్‌ఈసీ ఒక్కో జట్టు ఆడే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లను ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచింది. ప్రతి జట్టుకూ ఏటా తప్పక ఆడే ముగ్గురు ప్రత్యర్థులను కేటాయించింది. టెక్సాస్‌కు ఏ అండ్ ఎం, ఓక్లహోమా, అర్కన్సా. ఈ ఏర్పాటు ఉన్నంత కాలం నవంబర్ మ్యాచ్‌కు ఢోకా లేదు. చట్టసభ బిల్లులు ఇవ్వలేని హామీని కూటమి షెడ్యూల్ ఇచ్చింది.

కానీ ఆ హామీకీ గడువుంది. ఎస్‌ఈసీ, డిస్నీ ఒప్పందం 2033-34 సీజన్ దాకానే. అప్పుడు కూటములు మళ్లీ మారవచ్చు. ఇంకా పెద్ద జాతీయ లీగ్ ఆలోచనలు ఇప్పటికే చర్చలో ఉన్నాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్లను కదిలించేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వాళ్లు అమ్ముతున్న సరుకులో ఆట కొంత భాగమే. మిగతాదంతా గుడారాల్లో పడుకున్న విద్యార్థులు, తాతల నుంచి సీట్లు అందుకున్న కుటుంబాలు 1894 నుంచి పోగేసిన మమకారం. పన్నెండేళ్లు ఆపినా అది చావలేదు కాబట్టి ఎన్నిసార్లైనా ఆపవచ్చని అనుకోవడానికి లేదు. 2012-2023 మధ్య చదువుకున్న తరానికి ఈ పోరు విన్న కథగానే మిగిలింది. అలాంటి తరాలు ఇంకో రెండు వస్తే కైల్ ఫీల్డ్‌లో లక్ష సీట్లు అలాగే ఉంటాయి గానీ, టికెట్ కోసం గుడారం వేసుకునే పిల్లలు ఉండకపోవచ్చు.